లాడం కొట్టాక గుర్రానికి వచ్చే గిట్ట నొప్పి

కొత్త లాడం కొట్టిన రోజునే గానీ, ఆ తర్వాత రెండు మూడు వారాల లోపు గానీ గుర్రం కుంటడం, గట్టి నేల మీద అడుగు వేయడానికి జంకడం, గిట్ట వేడెక్కడం వంటివి కనిపిస్తే దాన్ని లాడం తర్వాతి గిట్ట నొప్పిగా లెక్కిస్తారు. దీని వెనక చాలా కారణాలు ఉండవచ్చు. మేకు పచ్చి మాంసంలోకి దిగి ఉండవచ్చు, మాంసాన్ని ఆనుకుని ఒత్తుతూ ఉండవచ్చు, గిట్టను మరీ లోతుగా చెక్కి ఉండవచ్చు, లాడం అరికాలిని నొక్కుతూ ఉండవచ్చు. లాడంతో సంబంధమే లేని జబ్బు అదే వారంలో బయటపడటమూ ఉంది. అందుకే పశువైద్యుడు మొదట అడిగే ప్రశ్న నొప్పి ఎక్కడ అని కాదు, ఎప్పుడు మొదలైందని. సుత్తి దెబ్బకే గుర్రం కాలు లాక్కుంటే ఒక కారణం, మర్నాడు కుంటితే మరొకటి, వారానికి కాలు కింద పెట్టలేకపోతే ఇంకొకటి.

ఈ వ్యాసం గిట్ట నొప్పి కారణాలను, గుర్తించే పద్ధతులను, చికిత్సను చిత్తూరు జిల్లా కార్వేటినగరం, దాని చుట్టుపక్కల సీమను దృష్టిలో పెట్టుకుని వివరిస్తుంది. గుర్రాలు బాగా తగ్గిపోయి, వాటితో పాటే లాడం పని తెలిసిన చేతులూ తగ్గిపోయిన ప్రాంతం ఇది. గుర్రం తక్కువైన చోట గిట్ట నొప్పి కూడా తక్కువే అనుకోవడం పొరపాటు. పని తెలిసిన మనిషి దొరక్కపోవడమే ఆ నొప్పికి పెద్ద కారణం.

ఈ సీమలో గుర్రం

దక్షిణ భారతం గుర్రాలకు ఎప్పుడూ సముద్రం వైపే చూసింది. ఇక్కడి వేడి, తేమ, మేత మేలుజాతి గుర్రాల పెంపకానికి సరిపడలేదు. 13వ శతాబ్ది చివర కోరమాండల్ తీరాన్ని చూసిన మార్కో పోలో, ఇక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారనీ, సంరక్షణ తెలియక వాటిలో చాలా భాగం ఏడాది తిరక్కుండానే చస్తాయనీ రాశాడు. హోర్ముజ్ తదితర రేవుల వర్తకులు లాడాలు కొట్టేవాళ్ళను, గుర్రపు వైద్యులను ఈ దేశానికి రానిచ్చేవారు కాదట. గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ అమ్ముడయ్యేది. పోలో మాటల్లో అతిశయోక్తి పాలు ఎంతైనా, గిట్ట పని తెలిసిన మనిషికి ఉన్న విలువ మాత్రం ఆ కథలో తేటగా కనిపిస్తుంది. విజయనగర కాలంలో ఈ వ్యాపారం పోర్చుగీసుల చేతికి వెళ్ళింది. రాయలు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ లెక్క. తెలుగులోనూ గుర్రాల మీద సాహిత్యం పుట్టింది. 15వ శతాబ్దికి చెందిన మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద పద్యాల్లో శాస్త్రగ్రంథం రాశాడు. ఈ కోవ గ్రంథాల్లో సుళ్ళకు, రంగులకు, శుభాశుభాలకు పెద్దపీట వేశారు. సుత్తి పట్టినవాడి పనితనం మాత్రం పుస్తకాలకెక్కకుండా చేతి నుంచి చేతికి వచ్చిందే.

1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి మారింది. చంద్రగిరి కార్వేటినగరానికి దూరం కాదు. చుట్టుపక్కల పాలెగాళ్ళు బలగాలతో రాజుకు కొలువు చేసేవారు. కార్వేటినగరం పాలకుల సంస్థానాన్ని ఇంగ్లీషు రికార్డులు బొమ్మరాజుపాలెంగా రాసుకున్నాయి. వెంకటగిరి, కాళహస్తిలతో పాటు ఇదీ పెద్ద జమీగా నిలిచి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిసింది. సారంగపాణి పదాలతో, వేణుగోపాలస్వామి గుడితో, రాతి మెట్ల స్కంద పుష్కరిణితో ఈ ఊరికి పేరు. ఠాణాలు, సవారీలు, బండ్లు ఉన్నంత కాలం గుర్రం కూడా ఊరి బతుకులో భాగమే. ఇప్పుడు ఊళ్ళో గుర్రం అంటే బ్రహ్మోత్సవాల్లో స్వామి ఎక్కే అశ్వ వాహనమే ముందు గుర్తొస్తుంది.

జట్కా బండి ఈ కథలో చివరి అధ్యాయం. రైలు దిగినవాళ్ళను ఊళ్ళోకి చేర్చే జట్కాలు మద్రాసు రాజధాని పట్టణాలన్నిటా తిరిగేవి. ఆటోలు వచ్చాక అవి కనుమరుగయ్యాయి. 2012 పశుగణనలో దేశంలో గుర్రాలు, తట్టువలు కలిపి సుమారు 6.25 లక్షలుంటే, 2019 గణనలో అవి సుమారు 3.4 లక్షలకు పడిపోయాయి. ఈ ప్రాంతంలో మిగిలినవి పెళ్ళి ఊరేగింపుల గుర్రాలు, సరదాకి పెంచుకునేవి, ఉత్సవాల్లో వాహన సేవ ముందు నడిచే దేవస్థానం గుర్రాలు.

ఎద్దు లాడం, గుర్రపు లాడం

గుర్రాలు పోయినా లాడం వెంటనే పోలేదు. బండెద్దులకు లాడాలు కొట్టేవాళ్ళు ట్రాక్టరు వచ్చేదాకా ఊరూరా ఉండేవారు. ఇప్పుడు గుర్రం ఉన్న ఇంటివాళ్ళు చాలాసార్లు ఆ ఎద్దు లాడాల మనిషినే పిలుచుకుంటారు. తప్పు పట్టడానికి లేదు, దొరికేది ఆయనే. కానీ రెండు పనులూ వేరు.

ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. ఒక్కో చీలికకు ఒక పలుచని రేకు లాడం, కాలికి రెండు. ఎద్దును పడదోసి, నాలుగు కాళ్ళూ కట్టి, పడుకోబెట్టి కొడతారు. గుర్రానికి గిట్ట ఒక్కటే. దాన్ని నిలబెట్టి, ఒక్కో కాలూ ఎత్తి పట్టుకుని కొట్టాలి. ప్రతి కాలు పని అయ్యాక కింద దించి, గుర్రం నిలబడ్డ తీరు, నడిచే తీరు చూడాలి. బరువు పడ్డప్పుడు గుర్రపు గిట్ట వెనక భాగం కాస్త విచ్చుకుంటుంది. కట్టి పడేసిన జంతువులో ఇది కనిపించదు. పైగా మేకు దిగుతున్నప్పుడు గుర్రం ఉలిక్కిపడటమే మొదటి హెచ్చరిక. కాళ్ళు బిగించి కట్టిన జంతువు ప్రతి దెబ్బకూ గుంజుకుంటుంది కాబట్టి ఆ హెచ్చరిక అందులో కలిసిపోతుంది.

గిట్ట లోపల

బయటికి కనిపించే గిట్ట గోడ మన గోరు లాంటిదే. దానికి నరాలు లేవు, నెత్తురు లేదు, కోసినా నొప్పి ఉండదు. దాని లోపలి వైపు పలుచని మడతల్లాంటి పచ్చి పొరలు గోడను కాలి చివరి ఎముకతో కలిపి పట్టుకుంటాయి. నెత్తురు, నరాలు అన్నీ అక్కడే. గిట్టను తిరగేసి చూస్తే గోడకూ అరికాలికీ మధ్య లేత రంగులో ఒక గీత కనిపిస్తుంది. దాన్ని తెల్ల గీత అంటారు. మేకుకు ఆ గీతే సరిహద్దు. గీత మీద గానీ, దానికి బయట గానీ దిగాలి. లోపలికి దాటిందంటే పచ్చిలోకి వెళ్ళినట్టే. అరికాలి మధ్యలో మడమ వైపు నుంచి ముందుకు త్రికోణంలా సాగే మెత్తటి భాగాన్ని పశువైద్యులు ఫ్రాగ్ అంటారు. నేలదెబ్బను తట్టుకోవడంలో దాని వంతు పెద్దది.

గోడ మందం ముందు భాగంలో దాదాపు ఒక సెంటీమీటరు. పక్కలకు, మడమ వైపుకు వచ్చేకొద్దీ తగ్గుతుంది. నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందు భాగం పూర్తిగా కొత్తది కావాలంటే దాదాపు ఏడాది పడుతుంది. గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీదే ఉంటుంది కాబట్టి లాడం నొప్పులు ఎక్కువగా ముందు గిట్టల్లోనే బయటపడతాయి.

ఈ సీమ వాతావరణం గిట్టకు కష్టమే. ఏప్రిల్, మే ఎండలకు గోడ ఎండి పెళుసుబారుతుంది. ఈశాన్య రుతుపవనంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడి నేలలో నానుతుంది. ఎండటం, నానడం ఒకదాని వెంట ఒకటి జరిగితే తెల్ల గీత బలహీనపడుతుంది, మేకుల రంధ్రాలు పెద్దవవుతాయి, పట్టు సడలుతుంది. సడలిన లాడాన్ని బిగించబోయి మేకులు మరి కాస్త లోపలికి కొట్టడం ఇక్కడే మొదలవుతుంది. నగరి కొండల గట్టి రాయి, కంకర బాటలు కూడా పలచబడ్డ అరికాలికి కనికరం చూపవు.

మేకు దారి తప్పితే

లాడపు మేకు సూటిగా ఉండదు. మొన ఒక పక్కకు చెక్కి ఉంటుంది. చెక్కిన పక్క లోపలి వైపు, అంటే ఫ్రాగ్ వైపు ఉండేలా పెడితే మేకు గోడలోంచి వంపు తిరిగి బయటికి పొడుచుకొస్తుంది. తిరగేసి పెడితే లోపలికే వంగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే అతి ప్రమాదకరమైన తప్పు ఇదే. అందుకే తయారీదారులు మేకు తలకు ఒక పక్కన గుర్తు వేస్తారు. మొన లాడానికి దాదాపు రెండు సెంటీమీటర్ల పైన బయటికి రావాలి. మరీ కిందనే వస్తే పట్టు చాలదు, మరీ పైకి వెళ్తే పచ్చికి దగ్గరవుతుంది. లాడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది మేకులు. అన్నీ గిట్ట వెడల్పుగా ఉండే చోటికి ముందే ఉండాలి, మడమ వైపు విచ్చుకోవడానికి వీలు వదలాలి. అనుభవం ఉన్నవాడు చెవితో పని చేస్తాడు. గట్టి కొమ్ములోకి దిగే మేకు ప్రతి దెబ్బకూ గట్టిగా మోగుతుంది. ఉన్నట్టుండి మోత మెత్తబడి, మేకు సులువుగా పోతోందంటే సుత్తి ఆపాల్సిందే.

మేకు నేరుగా పచ్చిలోకి దిగితే గుర్రం అప్పుడే కాలు లాక్కుంటుంది. మేకు తీస్తే రంధ్రంలోంచి నెత్తురు రావచ్చు. ఇది తేలిగ్గా పట్టుబడే తప్పు కాబట్టి, వెంటనే చూసుకుంటే పెద్దగా ప్రమాదం లేనిది. ఆ మేకు తీసేసి, రంధ్రాన్ని పోవిడోన్ అయోడిన్ వంటి క్రిమినాశకంతో కడిగి, అక్కడ మళ్ళీ మేకు కొట్టకుండా ఖాళీగా వదలాలి. ధనుర్వాతం టీకా సంగతి అప్పుడే చూసుకోవాలి. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా ఏదో ఒక గిట్టలో ఇది జరుగుతుంది. జరిగినప్పుడు యజమానికి చెప్పేవాడే మంచి పనివాడు. చెప్పినందుకు వాడిని నలుగురిలో నిలదీసే యజమాని, తర్వాతిసారి వాడు దాచిపెట్టేలా చేస్తున్నాడన్నమాట.

దీనికంటే మోసకారి, పచ్చిలోకి దిగకుండా దాన్ని ఆనుకుని ఆగిన మేకు. కొట్టేటప్పుడు గుర్రం ఏమీ అనదు. ఒకటి రెండు రోజుల్లో, గోడలో బిగిసిన మేకు పచ్చి పొరను ఒత్తుతూ నొప్పి మొదలవుతుంది. మొన వంచి బిగించే పని అతిగా చేసినా ఇలాగే అవుతుంది. అనుమానం ఉన్న మేకు తీసిన గంటల్లోనో, మర్నాటికో గుర్రం తేలికపడితే కారణం అదేనని తేలినట్టే. ఇలాంటి మేకును అలాగే వదిలేస్తే ఒత్తిడికి చచ్చిన కణజాలంలో సూక్ష్మజీవులు చేరి, వారం పది రోజులకు చీము పడుతుంది.

మేకు తప్పు లేనప్పుడు

గిట్టను చెక్కడంలో అతి చేస్తే అన్ని మేకులూ సరిగ్గా ఉన్నా గుర్రం నొప్పి పడుతుంది. అరికాలు బొటనవేలితో నొక్కితే లోపలికి పోయేంత పలచబడి ఉంటుంది. గులకరాళ్ళ మీద వెనకాడుతూ, మెత్తటి మట్టిలో మామూలుగా నడుస్తుంది. సాధారణంగా రెండు ముందు కాళ్ళకూ ఒకేలా ఉంటుంది కాబట్టి స్పష్టమైన కుంటు కనిపించకపోవచ్చు, అడుగు మాత్రం కురచబడుతుంది. గిట్ట శుభ్రంగా, తెల్లగా కనిపించాలని ఫ్రాగ్‌ను, అరికాలిని గీకించే యజమానుల అలవాటు దీనికి సగం కారణం. చూడ్డానికి అందమైన గిట్ట నడవడానికి మంచిదని ఏమీ లేదు.

లాడం వంపు సరిపోక అరికాలి మీద ఆనితే అక్కడ నెత్తురు కమిలిపోతుంది. మడమ దగ్గర గోడ మడత పడే మూలలో ఇది ఎక్కువ. చిన్న లాడం కొట్టినప్పుడు, లేదా ఒకే లాడాన్ని నెలల తరబడి ఉంచేసినప్పుడు గోడ పెరిగి లాడం ముందుకు జరిగి, చివరలు ఆ మూలలో కూర్చుంటాయి. చెక్కి చూస్తే ఎర్రగానో, ముదురు ఊదాగానో మచ్చ కనిపిస్తుంది. దీన్ని నయం చేసేది మందు కాదు, సరైన కొలత లాడం.

వేడి లాడం పెట్టే పద్ధతిలో, ఎర్రగా కాల్చిన లాడాన్ని క్షణం సేపు ఆనించి, కాలిన గుర్తును బట్టి గిట్టను సమం చేస్తారు. పలచటి అరికాలి మీద ఎక్కువసేపు ఉంచితే లోపలికి వేడి తగులుతుంది. మన ఊళ్ళలో చల్ల లాడమే ఎక్కువ కాబట్టి ఇది అరుదు. చల్ల లాడానికి ఇంకో చిక్కు ఉంది. లాడాన్ని గిట్టకు తగ్గట్టు వంచడం కష్టం, గిట్టను లాడానికి తగ్గట్టు ఆకురాయితో రాయడం సులువు. సులువైన పనే జరుగుతుంది, గోడ పలచబడుతుంది, మేకుకు చోటు తగ్గుతుంది.

గిట్ట కోణాన్ని ఒక్కసారిగా మార్చడం కూడా నొప్పి తెస్తుంది. ముందు భాగం బాగా పెరిగిన గిట్టను ఒకే రోజు పూర్తిగా తగ్గిస్తే స్నాయువులు, కీళ్ళు కొత్త కోణానికి అలవాటుపడాలి. రెండు మూడు విడతల్లో సరిచేయడం మేలు.

ఇంకొకటి, దీన్ని పొరబడితే ప్రాణం మీదికి వస్తుంది. పెళ్ళిళ్ళ సీజనులో ముస్తాబు కోసం కొత్త లాడాలు కొట్టిస్తారు. అదే రోజుల్లో ఊరేగింపులో జనం బెల్లం, మిఠాయిలు పెడతారు, బలం కోసమని యజమాని ఉలవలు గానీ ధాన్యం గానీ ఎక్కువ వేస్తాడు. మేత అతి అయినప్పుడు గిట్ట లోపలి పచ్చి పొరలన్నీ వాచి, గోడతో ఎముకకున్న పట్టు సడలే జబ్బు వస్తుంది. లామినైటిస్ అంటారు. గుర్రం ముందు కాళ్ళు బాగా ముందుకు చాపి, బరువు వెనక కాళ్ళ మీద వేసుకుని నిలబడుతుంది. రెండు ముందు గిట్టలూ వేడిగా ఉంటాయి. దీన్ని లాడం నొప్పి అనుకుని నాలుగు రోజులు చూద్దామంటే లోపలి ఎముక కిందికి తిరిగిపోవచ్చు, ఆ తర్వాత గుర్రం మళ్ళీ పనికి రాకపోవచ్చు. ఒక కాలికే నొప్పైతే మేకును అనుమానించాలి. రెండు కాళ్ళకూ ఉంటే అతిగా చెక్కడాన్ని, మేతను అనుమానించాలి.

నొప్పి ఏ గిట్టదో తెలుసుకోవడం

గుర్రాన్ని గట్టి, సమమైన నేల మీద వదులు పగ్గంతో మెల్లగా పరుగెత్తించాలి. ముందు కాలి నొప్పైతే, నొప్పి ఉన్న కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు ఆనినప్పుడు దిగుతుంది. పగ్గం బిగబట్టి పట్టుకుంటే ఈ తల ఊపు కనిపించదు. నిలబడి ఉన్నప్పుడు ఒక కాలిని ముందుకు చాపి ఆనీ ఆననట్టు పెట్టడం మరో గుర్తు. తర్వాత రెండు గిట్టలనూ అరచేతులతో పట్టి వేడి పోల్చాలి. ఎండలో నిలబడ్డ గుర్రానికి అన్నీ వేడిగానే ఉంటాయి కాబట్టి నీడలో కాసేపు ఉంచాక చూడాలి. చీలమండ వెనక పక్కల వేలు పెడితే నాడి అందుతుంది. మామూలుగా అది పట్టీ పట్టనట్టు ఉంటుంది, లోపల వాపు ఉంటే కొట్టుకోవడం గట్టిగా తెలుస్తుంది.

కార్వేటినగరం పక్కనే పుత్తూరు. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు పేరు తెలుగు, తమిళ, కన్నడ నాడుల్లో తెలియని ఇల్లు లేదు. దాని ప్రభావమో ఏమో, ఈ ప్రాంతంలో మనిషి కుంటినా, పశువు కుంటినా ముందు బెణుకో, ఎముకో అన్న ఆలోచనే వస్తుంది. గుర్రానికి భుజానికో, మోకాలికో పట్టు వేసి కూర్చుంటారు. కొత్త లాడం వేసిన మూడు వారాల్లో వచ్చిన కుంటుకు, ఇంకేదో రుజువయ్యేదాకా, మూలం గిట్టలోనే ఉందనుకోవాలి. కాలి పైభాగంలో వాపు కనిపించినా ఈ నియమం మారదు, గిట్టలో చీము పడ్డప్పుడు వాపు చీలమండ దాకా పాకుతుంది.

పశువైద్యుడు వెడల్పు నోటి పటకారుతో గిట్ట చుట్టూ అంగుళం అంగుళం నొక్కుతూ వస్తాడు. ఒక్కో మేకు తల మీద సుత్తితో మెల్లగా తడతాడు. ఒకే చోట, ప్రతిసారీ గుర్రం కాలు లాక్కుంటే అక్కడే చూడాలి. మంచి కాలికి కూడా ఇదే పరీక్ష చేసి పోల్చకపోతే, సుత్తి చూసి బెదిరే గుర్రం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

చేయవలసినవి

మొదట పని ఆపాలి. ఊరేగింపు ఒప్పుకున్నామని, బయానా తీసుకున్నామని గుర్రాన్ని బయటికి తీయకూడదు. మెత్తటి వరిగడ్డి పరిచి నిలపాలి. లాడం కొట్టినవాడినే పిలవడం మంచిది. ఏ మేకు ఎలా దిగిందో అతనికే తెలుసు. లాడాన్ని ఒక్క పీకుడుతో లాగేస్తే పలచబడ్డ గోడ ముక్కలవుతుంది, పైగా ఏ మేకు దోషో తెలియదు. వంచిన మొనలు సరిచేసి, మేకులు ఒక్కొక్కటిగా తీయాలి. తీసిన ప్రతి మేకునూ చూడాలి, వాసన కూడా చూడాలి. మిగతావి పొడిగా ఉండి ఒకటి తడిగా, నల్లగా, దుర్వాసనతో వస్తే దొంగ దొరికినట్టే.

చీము ఉంటే దానికి కిందికి దారి ఇవ్వాలి. ఇది పశువైద్యుడి పని. రంధ్రం చిన్నగా ఉండాలి. అత్యుత్సాహంతో అరికాలు మొత్తం తవ్వేస్తే లోపలి పచ్చి భాగం బయటికి ఉబుకుతుంది, నెలల పని అవుతుంది. నల్లటి, బూడిద రంగు చీము కారిపోయాక చాలా గుర్రాలు ఒకటి రెండు రోజుల్లోనే కాలు మోపుతాయి. దారి ఇవ్వకపోతే చీము గోడ లోపలి నుంచి పైకి పాకి, వెంట్రుకలు మొదలయ్యే అంచు దగ్గర పగులుతుంది. గోరువెచ్చని నీటిలో ఎప్సమ్ సాల్ట్ కలిపి కాలు ఉంచడం, తవుడులో ఆ ఉప్పు కలిపి వేడిగా పట్టు వేసి గుడ్డతో కట్టి పైన గోనె చుట్టడం, ఇవన్నీ చీమును లాగడానికి ఉపయోగపడతాయి. రెండు మూడు రోజులు చాలు. అంతకు మించి నానబెడితే గిట్ట మెత్తబడి, మళ్ళీ మేకు పట్టదు.

కాచిన నూనె, మైలుతుత్తం, బ్యాటరీ నీళ్ళు పచ్చి గాయంలో పోయకూడదు. అవి క్రిములతో పాటు మాంసాన్నీ కాలుస్తాయి. పసుపు, వేపనూనె పైపైన రాస్తే పెద్దగా హాని లేకపోవచ్చు. కానీ లోపల ఉన్న చీముకు అవి దారి ఇవ్వలేవు, రంధ్రాన్ని పూడ్చేలా దట్టిస్తే హాని చేస్తాయి. యాంటీబయాటిక్ సూది కూడా ఇంతే. చీము కారకుండా సూదులు వేసుకుంటూ పోతే జబ్బు అణిగినట్టుండి మళ్ళీ లేస్తుంది.

నొప్పి మందుల విషయంలో ఓపిక కావాలి. కారణం తేలక ముందే ఇస్తే కుంటు మాయమై పరీక్ష చేయడానికి ఏమీ మిగలదు. గుర్రాలకు ఫినైల్‌బ్యూటజోన్, ఫ్లునిక్సిన్ వంటివి వాడతారు. మోతాదు మించినా, రోజులు పెరిగినా కడుపులో పుండ్లు, మూత్రపిండాల దెబ్బ తప్పవు. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం దేశంలో 2006 నుంచి నిషేధం. ఆ మందు తీసుకుని చచ్చిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి అంతరించే దశకు చేరాయి. మనుషుల కోసం అమ్మే సీసాలను పశువులకు వాడే అలవాటు గురించి ఇంకా హెచ్చరించాల్సి రావడం విచారకరం.

ధనుర్వాతం

గిట్టలో ప్రతి గాయానికీ ఈ భయం ఉంది. ధనుర్వాతం సూక్ష్మజీవి బీజాలు మట్టిలో, గుర్రపు లద్దెలో ఉంటాయి. గాలి తగలని లోతైన, సన్నని గాయం వాటికి అనువైన చోటు, అంటే మేకు రంధ్రమే. పశువులన్నిటిలో గుర్రం దీనికి అత్యంత తేలిగ్గా లొంగుతుంది. లక్షణాలు గాయమైన ఒకటి నుంచి మూడు వారాల్లో బయటపడవచ్చు. అప్పటికి గాయం మానిపోయి అందరూ మరిచిపోయి ఉంటారు. కంటి మూల నుంచి మూడో రెప్ప అడ్డం రావడం, చెవులు నిక్కబొడుచుకోవడం, కాళ్ళు కొయ్యల్లా బిగుసుకోవడం, దవడ బిగుసుకుపోయి మేత నమలలేకపోవడం దాని గుర్తులు. ఆ దశలో బతికించడం చాలా కష్టం. టీకా మాత్రం తేలికైనది. మొదట నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో రెండు మోతాదులు, తర్వాత ఏడాదికోసారి. టీకా చరిత్ర తెలియని గుర్రానికి మేకు గుచ్చుకుంటే అదే రోజు విషనిరోధక సీరం కూడా వేయించాలి.

ఎవరిని పిలవాలి

గుర్రం కాలు అసలు మోపకపోయినా, జ్వరం వచ్చినా, కాలు పైకి వాపు పాకినా, మేకు తీసిన ఒకటి రెండు రోజుల్లో తేడా కనిపించకపోయినా పశువైద్యుడు చూడాల్సిందే. గుర్రానికి మామూలు వేడి 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్. రాష్ట్రంలో 2022 నుంచి 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఎక్స్‌రే తీయాల్సిన కేసులకు తిరుపతి పశువైద్య కళాశాల దగ్గరలోనే ఉంది. 1955లో మొదలైన ఆ కళాశాల 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆవులు, గేదెలు, గొర్రెల మధ్య పని చేసే మండల స్థాయి వైద్యులకు గుర్రం ఎప్పుడో గానీ ఎదురుపడదు. కాబట్టి లాడం ఏ రోజు కొట్టించారు, ఎవరు కొట్టారు, కుంటు ఏ రోజు మొదలైంది, ఏ మందులు ఇచ్చారు అన్నది యజమాని రాసిపెట్టుకుని చెప్పగలిగితే సగం పని అయినట్టే.

లాడాలు కొట్టే పనిలో క్రమబద్ధమైన శిక్షణ దేశంలో ఎక్కువగా సైన్యం చేతిలో ఉంది. సైన్యపు రిమౌంట్, పశువైద్య దళం కేంద్రం మీరట్‌లో ఉంది. పందెపు గుర్రాల లాయాలు కూడా మంచి పనివాళ్ళను పెంచాయి. హైదరాబాదులోని మలక్‌పేట, చెన్నైలోని గిండీ పందెపు మైదానాల్లో పని చేసినవాళ్ళు తేలిక అల్యూమినియం లాడాలను కూడా చల్లగానే సరిచేసి కొట్టగలరు. చెన్నై నుంచి అలాంటి ఒకరిని రెండు నెలలకోసారి రప్పించుకోవడం, నాలుగైదు గుర్రాలున్నవాళ్ళు కలిసి ఖర్చు పంచుకుంటే, చేతకాని పని ఖర్చు కంటే తక్కువే పడుతుంది.

మళ్ళీ లాడం

ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి లాడం తీసి, గిట్ట చెక్కి, మళ్ళీ కొట్టడం సాధారణ పద్ధతి. లాడం అరగలేదు కదా అని వదిలేస్తే, అరగనిది లాడమే గానీ పెరిగేది గిట్ట. మెత్తటి నేల మీద తక్కువ పని చేసే గుర్రానికి అసలు లాడమే అవసరం లేకపోవచ్చు. తారు రోడ్ల మీద, కంకర మీద ఊరేగింపులకు తిరిగేవాటికి మాత్రం తప్పదు.

నొప్పి తగ్గిన గుర్రానికి తొందరపడి లాడం వేయకూడదు. చీము కారిన రంధ్రం పూర్తిగా పొడిబారి, గుర్రం గట్టి నేల మీద కుంటకుండా నడిచేదాకా ఆగాలి. తర్వాత కూడా పాత రంధ్రం జోలికి పోకుండా, మిగతా మేకులతోనే పట్టు నిలిచేలా చూడాలి. అవసరమైతే ఆ పక్కన ఒక మేకు తగ్గించాలి. దారి తప్పిన మేకు గోడలో చేసిన బాట గిట్ట పెరిగేకొద్దీ కిందికి దిగుతూ, రెండు మూడు నెలల్లో ఆకురాయి పొడిలో కలిసిపోతుంది. అప్పటిదాకా ప్రతి విడతా కొట్టేవాడికి ఆ చోటు ముందే చూపించాలి. లాడం కొట్టిన రోజు సాయంత్రం, మర్నాటి పొద్దున, మూడో రోజు గుర్రాన్ని కొన్ని అడుగులు నడిపించి చూడటానికి అయిదు నిమిషాలు చాలు.